బొటనవేలంత దూరం

ఇంకా నడుస్తోంది. తెర మీద చుక్క పక్కన చుక్క పడుతోంది. ఒక్కో చుక్క అంటే కణాలు ఎదురెదురుగా గుద్దుకున్న కొన్ని వందల ఢీలు. ఉత్తుత్తి ఢీలే, ఈ నేల కింద సొరంగంలో నిజంగా జరిగేవి కావు, కంప్యూటర్ తనలో తాను పాచికలు వేసుకుంటూ పుట్టించి చంపుతున్నవి. అయినా ఒక్కో చుక్కా లెక్కపెడుతున్నాను. గంట పడుతుందని మొదలుపెట్టినప్పుడే తెలుసు. ఆ గంట తిరిగేసరికి అక్కడ ఆసుపత్రిలో నర్సు మా బృందం పెద్ద వెరేనాకి మందు ఇచ్చి, వీపు కింద దిండు ఎత్తుగా పెట్టి, ఫోను చేతికందిస్తుంది. రోజూ ఆ వేళకే నాకు ఫోన్ చేస్తుంది వెరేనా. పలకరింపు ఉండదు, ఏమీ ఉండదు, "ఏమంటోంది మన పెట్టె?" అని అడుగుతుంది. "మంగళవారం దాకా ఏమీ అనదు" అని నేను చెప్పాలి. నిన్న అలాగే చెప్పాను. మొన్నా అలాగే చెప్పాను. మొన్న చెప్పినప్పుడు అది నిజం. నిన్న చెప్పినప్పుడు నిజమో కాదో నాకే తెలియదు. ఇవాళ తెలిసిపోతుంది.

కిటికీ అవతల పొగమంచు తప్ప ఏమీ లేదు. జూరా కొండ ఉండాల్సిన చోట తడిగుడ్డ ఆరేసినట్టుంది. చలికాలం వస్తే జెనీవా చుట్టూ మైదానం మీద ఇలాగే మూత పడుతుంది, మూత పైన మాత్రం ఎండ. పొద్దున అమ్మ, వాలే అనే కొండసీమలో మా ఊరి నుంచి ఫోన్ చేసి, "ఇక్కడ పిల్లి కూడా నీడ వెతుక్కుంటోందే, మీరక్కడ కుండలో ఉడుకుతున్నారు పాపం" అంది. ఆదివారం కూడా ఆఫీసేమిటని అడిగింది. ఒక పని మిగిలిపోయిందన్నాను. నా గొంతు విని ఇంకేం అడగలేదు. నడవా అంతా ఖాళీ, వేడినీళ్ళ గొట్టాలు మాత్రం అప్పుడప్పుడు టక్కుమంటున్నాయి. వెరేనా బాగున్న రోజుల్లో ఆదివారం నాడు ఈ నడవాలో రొట్టె వాసన ఉండేది. బెర్న్ వాళ్ళు ఆదివారానికి జడలా అల్లిన రొట్టె చేసుకుంటారు, ఆవిడ దాన్ని గుడ్డలో చుట్టి ట్రామ్‌లో ఒళ్ళో పెట్టుకుని తెచ్చేది, ఇంకా వెచ్చగా ఉండేది. పని మిగిలిన వాళ్ళెవరైనా ఉంటారేమోనని తెచ్చేది. నేనే ఉండేదాన్ని. కత్తి వాడనిచ్చేది కాదు, జడ విప్పినట్టు పాయలు పాయలుగా తుంచాలి. ఎదురుగా ఆవిడ గది తలుపు ఇప్పుడు తెరిచే ఉంది, ఎవరూ మూయలేదు, మూస్తే బాగుండదని అందరికీ అనిపించినట్టుంది. బల్ల మీద కళ్ళద్దాల డబ్బా ఉంది, కుర్చీ వీపుకి ఊదారంగు స్వెట్టర్ వేలాడుతోంది. కీబోర్డు మీటల సందుల్లో రొట్టె పొడి ఇంకా ఉండి ఉంటుంది, ఎవరు దులుపుతారు.

జబ్బు సంగతి ఆవిడ మాకు మీటింగులో చెప్పింది. సోమవారం మీటింగు చివర ఎప్పుడూ 'ఇతర విషయాలు' అని ఒకటుంటుంది, కాఫీ యంత్రం బాగుచెయ్యడం, ఎవరి సైకిల్ దారికి అడ్డంగా ఉంది, అలాంటివి. అక్కడికొచ్చాక చెప్పింది, ఆకులు రాలే కాలంలో. "డాక్టర్లు వసంతం దాకానే అంటున్నారు. బెర్న్ మనిషిని కదా, కాస్త ఆలస్యం చేస్తానేమో, కానీ దాని మీద లెక్కలు కట్టుకోకండి. పెట్టె తెరిచే తేదీ ముందుకు జరుపుదాం." అందరూ బల్ల వంక చూశారు. బెర్న్ వాళ్ళ నెమ్మది మీద దేశమంతా జోకులే, శుక్రవారం జోకు చెబితే ఆదివారం చర్చిలో నవ్వుతారని. ఆ జోకు మాకు ఆవిడే చెప్పింది. ఆ రోజు కూడా ఎవరో ఒకరు నవ్వుతారని కాసేపు చూసింది. ఎవరూ నవ్వలేదు. "సరే, ఆదివారం నవ్వండి" అని లేచి వెళ్ళిపోయింది.

పెట్టె అంటే నిజంగా పెట్టె కాదు. మేము వెతికే కణం ఉంటే గింటే, యంత్రం పట్టిన నిజం ఢీల్లో ఎక్కడ కనబడాలో ఆ చోటుని ప్రోగ్రామ్ మాకు కనబడకుండా కప్పేస్తుంది. లెక్కలన్నీ పూర్తయ్యి, ప్రశ్నలన్నీ తీరి, ఇక దేన్నీ ముట్టుకోబోమని అందరూ చేతులెత్తాకే తెరవాలి. ఒక్కసారే. ముందే చూస్తే కన్ను తనకి కావలసింది చూస్తుంది, తెలియకుండానే చెయ్యి, పనికొచ్చే ఢీల్ని ఏరడానికి మేము పెట్టుకున్న జల్లెడ కన్నాల్ని సర్దుతుంది. వెరేనా చిన్నప్పుడు, అంటే నా వయసులో, పనిచేసిన బృందంలో ఎవరో తొంగిచూశారట. మరుసటి వారానికల్లా జల్లెడ మారింది, ఒక కొత్త కణం పుట్టింది, దాని పేరు మీద వైన్ తాగారు, ఏడాది తిరగకుండా అది ఆవిరైపోయింది. "పాపం, అది పుట్టనే లేదు, మేము దాని చావుకి ఏడ్చాం" అంది. నేను చేరిన కొత్తల్లో, మా ఊరి బడి యాస ఇంకా నాలుక మీద నుంచి పోని రోజుల్లో చెప్పింది. ఇక్కడ చిన్నా పెద్దా అందరూ నువ్వు అనుకుంటారు, నాకు ఆవిణ్ణి అలా అనడానికి నోరు రాలేదు, ఇప్పటికీ రాదు. "నీ ఒక్కదానివల్ల నేను ముసలిదాన్నని గుర్తొస్తుంది" అనేది. మంగళవారం పెట్టె తెరిచే మీట నొక్కాల్సింది నేనే, అదీ ఆవిడ మాటే. "లుదివీన్ నొక్కాలి. దాని ముఖంలో ఏదీ కనబడదు, అందరం తెర వైపే చూస్తాం." ఆవిడ ఫోన్‌లో వింటుంది. నేను అంకె చదవాలి. బతుకంతా వెతికిన దానికి, ఉందనో లేదనో ఒక అంకె. లేదన్నా ఫరవాలేదంటుంది. తెలియాలి, అంతే.

చుక్కలు సగం వరస దాటాయి. తొంగిచూడొచ్చు, ఇప్పటిదాకా వచ్చిన వాటితో బొమ్మ గీయించొచ్చు, సగం అయినా చాలావరకు తెలిసిపోతుంది. గీయించను. అలవాటు. శుక్రవారం సాయంత్రం కూడా నేను ఏదీ వెతకలేదు, మంగళవారం చూపించడానికి చక్కటి బొమ్మ ఒకటి గీస్తున్నాను, అంతే. మేము వెతికే కణం పుట్టినచోట చిట్లదు, జాడ లేకుండా బొటనవేలంత దూరం వెళ్ళి అక్కడ చిట్లుతుంది, దాన్ని పట్టేది ఆ దూరంతోనే. అందరికీ తెలిసిన మామూలు బరువు కణం ఒకటుంది, అదీ కొద్ది దూరం వెళ్ళే చిట్లుతుంది, ఎప్పుడో ఒకటి బొటనవేలంత దూరమూ వెళ్ళి మమ్మల్ని మోసం చేయొచ్చు. అలా మోసగించేవి ఎన్నుంటాయో చెప్పడానికే ఈ ఉత్తుత్తి ఢీలు. ఏవీ ఉండవని చెప్పాయి. మేము సంతోషించాం. శుక్రవారం నేను ఆ మామూలు కణం ఎంతెంత దూరం వెళ్ళి చిట్లిందో గీయించాను, గడ్డివాములా ఒకవైపు ఎత్తుగా మొదలై మెల్లగా జారుతుందనుకున్నాను. సున్నా దగ్గర ఒక్క గీత నిలువుగా నిలబడింది. అంతే. మిగతాదంతా తెలుపు. ఎక్కడ పుట్టినవి అక్కడే చచ్చిపోయాయి, అన్నీ. ఏదో తప్పుగా గీశాననుకుని మళ్ళీ గీశాను. మళ్ళీ అదే గీత.

కణం ఎలా చిట్లాలో మనకి కావలసినట్టు ప్రోగ్రామ్‌కి చెప్పాలంటే ఒక చిన్న ఫైల్‌లో నాలుగైదు వరసలు రాస్తాం. మొదటి వరసలో 'మార్చు' అంటే ఉన్నదాంట్లో చెప్పినంతే మారుతుంది. 'కొత్త' అంటే ఆ కణం గురించి తనకి తెలిసినదంతా తుడిచేసుకుంటుంది, బరువు, విద్యుదావేశం, ఆయుష్షు అన్నీ మనమే మళ్ళీ రాయాలి. ఎవరో 'కొత్త' అని మొదలుపెట్టారు. బరువు రాశారు, ఆవేశం రాశారు, ఏ పాళ్ళలో వేటికింద చిట్లాలో వరస తప్పకుండా రాశారు. ఆయుష్షు రాయలేదు. రాయకపోతే ప్రోగ్రామ్ అడగదు. సున్నా అనుకుంటుంది. కొత్తగా చేరిన వాళ్ళకి మొదటి వారంలోనే చెబుతారు ఈ సంగతి, ఇక్కడ జారిపడతారు చూసుకోండి అని. అందరికీ తెలిసిన గొయ్యి కాబట్టే ఎవరూ వంగి చూడలేదు, ముందు నడిచినవాళ్ళు చూసే ఉంటారనుకున్నారు. నేనూ అలాగే అనుకుని ఆ ఫైల్‌ని నా ముందువాళ్ళ దగ్గర తీసుకున్నాను. మా ఊళ్ళో రై అనే ధాన్యంతో చేసే రొట్టెకి ఊరందరికీ ఒకటే పొయ్యి ఉండేది, ఏడాదికి కొన్నిసార్లే రాజేసేవారు, ఇంటింటికీ వంతు. పులిసిన పిండి ముద్ద మాత్రం ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళుతుండేది, ఒకరి ముద్దతో ఇంకొకరు పులియబెట్టుకోవాలి. ఒక శీతాకాలం ఊరందరి రొట్టె చేదెక్కింది. ముద్ద ఏ ఇంట్లో చెడిందో ఎవరూ చెప్పలేకపోయారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, అందరూ శుభ్రమైన చేతులతోనే తీసుకున్నారు, శుభ్రమైన చేతులతోనే ఇచ్చారు. అమ్మమ్మ ఆ చేదు రొట్టెనే పాలల్లో ముంచుకుని తింటూ, "పొయ్యి మళ్ళీ రాజేసేదాకా ఇదే" అంది.

పొయ్యి మళ్ళీ రాజెయ్యాలంటే వేసవి అవుతుంది. ఉత్తుత్తి ఢీలన్నీ మొదటి నుంచీ పుట్టించాలి, ఎన్నో దేశాల కంప్యూటర్లలో మా వంతు కోసం వరసలో నిలబడాలి, ఆ తర్వాత లెక్కలన్నీ మళ్ళీ. అప్పటిదాకా పెట్టె మూసే ఉంచాలి, తెరిస్తే అందులో ఉన్నదానికి అర్థం ఉండదు, తెరిచిన కళ్ళని మళ్ళీ మూయలేం. కానీ ఒక ఆశ ఉంది. ఆయుష్షు సరిగ్గా రాసినా సరే, బొటనవేలంత దూరం వచ్చేవి మా జల్లెడలో ఎలాగూ రాలిపోతాయేమో, ఆ చోటు ఎలాగూ ఖాళీయేనేమో. అప్పుడు తప్పు తప్పుగానే ఉంటుంది గానీ పెట్టెకి ఏమీ కాదు, మంగళవారం తెరవచ్చు. అందుకే ఇవాళ ఒక్క వరస చేర్చాను, ఆయుష్షు వరస, ఇంకేదీ ముట్టుకోలేదు, కొద్దిపాటి ఢీలతో దారంతా నడిపిస్తున్నాను. అయ్యాక చూడాలి, ఆ చోటు ఖాళీనా, నిండిందా. దేవుణ్ణి అడగడం మానేసి చాలా కాలమైంది, అయినా చుక్క చుక్కకీ అడుగుతున్నాను, ఖాళీగా ఉంచు, ఖాళీగా ఉంచు.

అడుగుల చప్పుడు. ఒరెస్తే. పక్క బల్ల ఇతనిది, దక్షిణ ఇటలీ వాడు, మైదానం మంచుకి ప్రాణం పోతుందంటాడు, గదిలో ఉన్నా మఫ్లర్ విప్పడు. చేతిలో సంచీ, అందులో సీసా. నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు.

"అమ్మ తల్లీ! దయ్యమనుకున్నాను. దీపమైనా వేసుకోవేమే?"

"కనబడుతోంది కదా."

"మీ కొండవాళ్ళకి కనబడుతుందిలే, మేకలు కదా." ఫ్రిజ్ తెరిచి పాలడబ్బాలు పక్కకి జరిపి సీసాని పడుకోబెట్టాడు. "చూడు, మా నాన్న పంపిన వైన్. ముట్టుకున్నావో చేతులు విరుస్తాను. మంగళవారం మన ముసలమ్మకి ఫోన్‌లో వినబడేలా ఠాప్‌మని తీస్తాను బిరడా. ఆ శబ్దం కోసమే రెండోది కూడా తెప్పించాను, మొదటిది సరిగ్గా పేలకపోతే."

నేను నవ్వాను. నవ్వానో లేదో. అతను నా వైపు కాస్త ఎక్కువసేపు చూశాడు.

"ఏం నడుస్తోంది తెర మీద?"

"చిన్న పరీక్ష."

"ఆదివారం పూటా? అన్నీ అయిపోయాయి కదే, సరేనని అందరం చేతులు కూడా ఎత్తాం."

"మనసు ఒప్పుకోక."

"నీ మనసు ఎప్పుడు ఒప్పుకుంది గనక! మీ ఊళ్ళో తలుపు గడియ వేశాక, వేశామా లేదా అని మళ్ళీ తీసి చూస్తారనుకుంటా." మఫ్లర్ ఇంకో చుట్టు చుట్టుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు. "నిన్న ముసలమ్మని చూడ్డానికి వెళ్ళాను. చెయ్యి ఇంత అయిపోయింది లుదివీన్, పిట్ట కాలు. అయినా నన్నేమందో తెలుసా? 'నువ్వు దగ్గరగా కూర్చోకు, నీకు బిరడా తీయడం రాదు, కన్ను పోగొడతావు' అంది. మంగళవారం గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు." వెళ్ళిపోయాడు. నడవా చివర తలుపు మూసుకునేదాకా విన్నాను. చెప్పొచ్చు కదా అతనికి, ఇద్దరం మోస్తే తేలికవుతుంది. కానీ ఇది ఇంకా ఎవరికీ తెలియనంతసేపే మంగళవారం మంగళవారంలా ఉంటుంది, ఆ సీసా సీసాలా ఉంటుంది. ఇంకాసేపు ఉండనీ.

పిట్ట కాలు. తాతయ్య చెయ్యి కూడా అలాగే అయింది చివరికి. ఆ ఏడు వసంతంలో ఆవుల పోటీకి మా ఆవు పివోయిన్ వెళ్ళింది. మా వాలే నల్లావులు పచ్చిక కనబడితే చాలు, ఎవరు రాణి అని కొమ్ములు కలుపుకుంటాయి, పోటీకి లోయలో ఉన్న ఊళ్ళన్నీ దిగుతాయి. తాతయ్య పివోయిన్‌ని తన చేత్తో పెంచాడు, దానికి ఉప్పు ఆయన అరచేతిలోనే కావాలి. మంచం దిగలేకపోయాడు గనక మామయ్య తోలుకెళ్ళాడు. ఎండ, కిటికీ తెరిచి పెట్టించుకున్నాడు తాతయ్య, చలి అని అమ్మ మూయబోతే చెయ్యి ఎత్తాడు. నేను మంచం కాళ్ళ దగ్గర కూర్చుని బడి లెక్కలు చేసుకుంటున్నాను. మధ్యాహ్నం మామయ్య తిరిగొచ్చాడు, వాకిట్లోనే అమ్మతో ఏదో అన్నాడు. అమ్మ లోపలికొచ్చింది, తలగుడ్డ ముడి సర్దుకుంటూ. "గెలిచింది నాన్నా. పివోయిన్ రాణి అయింది." తాతయ్య నవ్వాడు. "అవునా" అన్నాడు. ఏ కొమ్ముతో తోసిందని అడగలేదు, ఎంతసేపు నిలిచిందని అడగలేదు, అడిగే మనిషే. మెల్లగా తల కిటికీ వైపు తిప్పుకున్నాడు. అప్పుడు నాకు అర్థమైంది. గెలిచిన ఆవు మెడకి పెద్ద గంట కడతారు, బాల్చీ అంత గంట, అది మలుపు అవతల ఉండగానే ఊరంతటికీ వినబడుతుంది. గంట వినడానికే ఆయన పొద్దుటి నుంచీ కిటికీ తెరిపించుకున్నది. ఆవు వీధిలోంచే వచ్చింది, కొట్టంలోకి వెళ్ళింది, గిట్టల చప్పుడు నేనూ విన్నాను. గంట మోగలేదు. అమ్మకి అది తట్టలేదు. ఆయన అమ్మ చేతిని తట్టాడు, మంచి కబురు చెప్పావన్నట్టు. ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, ఇంకొన్నాళ్ళు ఉన్నాడు, ఆ కొన్నాళ్ళూ పివోయిన్ పేరు ఎత్తలేదు. ఓడిపోయిన తన ఆవు గురించి మాట్లాడుకోవడానికి ఆయనకి ఎవరూ లేకుండా పోయారు. అమ్మ ప్రేమతోనే చెప్పింది. ఇప్పుడడిగినా, మనశ్శాంతిగా పోయాడంటుంది. నేను ఏనాడూ కాదనలేదు.

నేనేమీ చెప్పకపోతే ఏమవుతుంది. మంగళవారం మీట నొక్కుతాను, అంకె చదువుతాను. ఒరెస్తే బిరడా పేలుస్తాడు. ఆ చోట ఏవో కొన్ని ఢీలు ఉంటే, ఏవీ ఉండకూడని చోట ఉన్నాయి కాబట్టి అందరూ ఒక్కసారిగా మాట్లాడతారు, ఫోన్‌లో ఆవిడ ఊపిరి వినబడుతుంది. తర్వాత ఎప్పుడో, అంతా అయ్యాక, నేను ఫైల్ తెరిచి, అయ్యో చూడండి అంటాను. ఆవిడకి తెలిసే వీల్లేదు. కానీ వెరేనా తాతయ్యలాంటి మనిషి. అంకె విన్న వెంటనే అడుగుతుంది, మామూలు కణం దూరాల బొమ్మ చూశావా అని. చూశాను అనాలి. ఎలా ఉంది అంటుంది. బాగుంది అనాలి. ఆవిడ ఒక్క క్షణం ఊరుకుంటుంది. ఆ క్షణంలో కిటికీ వైపు తల తిప్పుకుంటుందా? ఇంకో దారి ఉంది, నిన్నటి నుంచీ దాన్ని తలుపు బయటే నిలబెట్టాను. పెట్టె తెరవమని కంప్యూటర్‌కి చెప్పే వరస నాకు ఇచ్చేశారు, ఒక్క వరస, నేను ఇప్పుడే ఒంటరిగా తెరిచి చూసి, ఆవిడకి ఒక్కదానికే చెవిలో చెప్పి, మళ్ళీ ఏమీ తెలియనట్టు ఉండొచ్చు. ఎవరికీ తెలియదు. చూశాక నేను ఈ పని నుంచి తప్పుకోవాలి, చూసినవాళ్ళు జల్లెడ ముట్టుకోకూడదు, ఏదో సాకు చెప్పి తప్పుకుంటాను, మా ఊరు వెళ్ళిపోతాను, బడిలో లెక్కలు చెప్పుకుంటాను. ఆవిడకి కొంచెమైనా తెలుస్తుంది కదా. తప్పు అంకె అయినా ఏదో ఒక అంకె. నా వేళ్ళు మీటల మీద ఉన్నాయి. ఎప్పుడు పెట్టానో తెలియదు. తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. చల్లగా ఉన్నాయి.

చుక్కలు ఆగాయి. అంతా అయిపోయిందని ఒక పొడి వాక్యం. వేడినీళ్ళ గొట్టం టక్కుమంది. బొమ్మ గీయమని చెప్పాను. ముందు మామూలు కణం దూరాలు. సున్నా దగ్గర నిలువుగీత లేదు, ఎడమ వైపు ఎత్తుగా లేచి కుడివైపుకి మెల్లగా జారుతూ గడ్డివాము, మా ఊరి వాలులా, ఎంత అందంగా ఉందంటే ఒక్క క్షణం సంతోషం వేసింది. సరిగ్గా నడిచింది. అన్నీ కాస్తంత దూరం బతికాయి. తర్వాత జల్లెడ కింద మిగిలినవి. ఖాళీగా ఉంచు. తెర గీసింది. బొటనవేలంత దూరం దగ్గర, ఇన్నాళ్ళూ తెల్లగా ఉన్న చోట, చిన్న గుట్ట. ఇంత తక్కువ ఢీల్లోనే ఆ గుట్ట ఉంటే అసలు లెక్కలో ఎంత ఉంటుందో నోటితోనే కట్టొచ్చు. కట్టాను. మేము వెతికేది ఉన్నా ఆ గుట్ట కింద కనబడదు, లేకపోయినా ఉన్నట్టు కనబడుతుంది. నేను తెర వెలుగు తగ్గించాను. ఎందుకో తెలియదు, ఎవరైనా నిద్రపోతుంటే తగ్గిస్తాం చూడండి, అలా.

ఫోన్ మోగింది.

"ఏమంటోంది మన పెట్టె?"

గొంతు నిన్నటికంటే దూరంగా ఉంది. వెనక ట్రాలీ చక్రాల చప్పుడు. మంగళవారం దాకా, అనే మాట నోటి దాకా తనంతట తానే వచ్చింది. మింగాను.

"వెరేనా, మంగళవారం తెరవకూడదు."

 నేను చెప్పాను. గీత గురించి, ఫైల్ గురించి, 'కొత్త' అని మొదలైన వరస గురించి, ఇవాళ నడిపిన పరీక్ష గురించి, గుట్ట గురించి. రిపోర్ట్ చదివినట్టు చెప్పాను. నేను ముగించేసరికి ట్రాలీ కూడా వెళ్ళిపోయింది.

"ఆయుష్షు సున్నా అనుకుందా?" అంది చివరికి.

"అవును."

"అయితే అది బెర్న్ కణం కాదన్నమాట."

నేను నవ్వలేకపోయాను. ఆవిడే నవ్వింది, నవ్వు దగ్గులోకి వెళ్ళింది, దగ్గు చాలాసేపు ఉంది. నేను ఫోన్‌ని చెవికి గట్టిగా అదుముకుని కూర్చున్నాను, అలా అదిమితే ఆగుతుందన్నట్టు.

"మొత్తం మళ్ళీ చెయ్యడానికి ఎంత?"

"వేసవి."

"వేసవి" అంది. ఆ మాటని కిటికీలోంచి దూరంగా ఉన్న కొండని చూసినట్టు అంది. "సరే. రేపు మీటింగులో నువ్వే చెప్పు. 'ఇతర విషయాలు'లో కాదు, మొదట్లోనే. ఒరెస్తేకి సీసా పారబొయ్యొద్దని చెప్పు, వైన్ ఆగుతుంది."

"వెరేనా, నేను..." ఎంత ఆపుకున్నా వచ్చేసింది. "నేనొక్కదాన్నే తెరిచి చూసి, మీకొక్కరికే చెబుతాను. ఇప్పుడే. ఎవరికీ—"

"ఆ మాట అనకే పిల్లా." కోపం లేదు. "అంటే ఒక్క క్షణం నాకూ ఆశ పుడుతుంది. చూడు, పుట్టనే పుట్టింది. ఇప్పుడు దాన్ని చంపుకోవాలి, నాకు ఓపికేదీ?"

నాకు కళ్ళ ముందు తెర కరిగిపోయింది. ముక్కు ఎగబీల్చడం ఆవిడకి వినబడే ఉంటుంది.  బయట పొగమంచులో ట్రామ్ గంట ఎక్కడో మోగింది, ఇక్కడ మోగిందో, అక్కడ మోగిందో.

"లుదివీన్, ఉన్నావా?"

"ఉన్నాను."

"ఇవాళ నడిపినవి తెర మీద ఉన్నాయా?"

"ఉన్నాయి."

"గుట్టలోది ఒకటి తియ్యి. చూసి చెప్పు నాకు."

"అవి మనం వెతికేవి కావు. మామూలువే. అసలు నిజం కూడా కాదు, ఉత్తుత్తివి."

"మామూలుదే చెప్పు. నిజంది నాకు దొరకదు కదా. మెల్లగా చెప్పు, కళ్ళు మూసుకున్నాను."

తెర వెలుగు మళ్ళీ పెంచాను. గుట్టలో మొదటిది తీశాను. రెండు ప్రోటాన్లు రెండు వైపుల నుంచి వస్తాయి, అన్నాను, మధ్యలో కొట్టుకుంటాయి, గీతలు బాణసంచాలా నలువైపులా వెళ్ళాయి, చాలా ఉన్నాయి, వాటిని పక్కన పెడుతున్నాను. మనది అక్కడే పుట్టింది. ఆవేశం లేదు కాబట్టి జాడ లేదు. ప్రోటాన్లు వచ్చిన గొట్టం గోడ దాటింది. జాడలు పట్టే మొదటి పొర దాటింది, ఆ పొరకి తెలియనే లేదు. ఏమీ కనబడటం లేదు, చీకటి, ఉత్త చోటు. ఇంకా వెళుతోంది. ఇదుగో, ఇక్కడ చిట్లింది. రెండు గీతలు, పిట్ట రెక్కలు విప్పినట్టు. ఆ రెండింటినీ వెనక్కి పట్టుకుని వస్తే అవి కలిసే చోటు తెలుస్తుంది, దాన్నిబట్టి ఇంతదూరం ఒకటి వచ్చిందని తెలుస్తుంది.

"ఎంతదూరం?"

తెర మీద కొలిచాను. "బొటనవేలంత. గోరు దాటి ఇంకొంచెం."

"మంచి దూరం" అంది వెరేనా.

ఊపిరి మెల్లగా, లోతుగా వినబడుతోంది. నిద్రపోయిందనుకున్నాను. ఫోన్ పెట్టేయాలా వద్దా అని కూర్చున్నాను. ఎదురుగా తెరిచి ఉన్న తలుపు, కుర్చీ మీద ఊదారంగు స్వెట్టర్, కిటికీకి ఆనుకుని తెల్లటి మంచు.

"ఇంకోటి" అంది.

రెండోది తీశాను. ఇది ఇంకాస్త ఎక్కువ దూరం వెళ్ళింది, అని మొదలుపెట్టాను.